లోడు పెట్టకముందే చుక్కల పరీక్ష: డిఐసి కోసం వేసిన నమూనా పనికొస్తుందో లేదో తేల్చుకోవడం ఎలా

సంక్రాంతి ముగ్గుకి చుక్కలు పెట్టేటప్పుడు వరస తప్పకూడదు. లోడు పడ్డప్పుడు వస్తువు ఉపరితలం ఎంత జరిగిందో, ఎంత సాగిందో ఫొటోలతో కొలిచే పద్ధతి డిజిటల్ ఇమేజ్ కోరిలేషన్, అంటే డిఐసి. దీనికి వేసే చుక్కలకి అసలు వరసే ఉండకూడదు. వాకిట్లో కల్లాపి చల్లితే పడే చుక్కల్లా, ఏ రెండు చోట్లా ఒకే అమరిక రాకుండా ఉండాలి. సాఫ్ట్‌వేర్ చేసే పని తెలిస్తే కారణం అర్థమవుతుంది. మొదటి ఫొటోలో ఓ చిన్న చదరాన్ని (దీన్నే సబ్‌సెట్ అంటారు, మనం గడి అనుకుందాం) తీసుకుని అందులో నలుపు తెలుపులు ఎలా పరుచుకున్నాయో చూస్తుంది. లోడు పడ్డాక తీసిన ఫొటోలో అదే అమరిక ఎక్కడికి జరిగిందో వెతుకుతుంది. చుక్కల ముగ్గులో పక్క గడి కూడా అచ్చం అలాగే ఉంటుంది కాబట్టి ఒక వరస అవతల అతుక్కుపోయి, జరగని జరుగుబాటు చూపిస్తుంది.

ఈ పద్ధతికి పునాది 1982లో అమెరికాలో సౌత్ కరోలినా విశ్వవిద్యాలయంలో పీటర్స్, రాన్సన్ వేశారు. ఇప్పుడు ఓ మంచి కెమెరా, ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంటే కాకినాడలోనో భీమవరంలోనో కాలేజీ ల్యాబులో సిమెంటు దూలం మీద చేసుకోవచ్చు. కొబ్బరి పీచు కాంపోజిట్ పట్టీ, కాలువ గట్టు బంకమట్టి దిమ్మె అయినా సరే. చాలా పరీక్షలు చెడేది లెక్కల దగ్గర కాదు, చుక్కల దగ్గర. అదీ దూలం విరిగిపోయాక తెలుస్తుంది. అందుకే లోడు పెట్టే ముందు ఓ గంట కేటాయించి ఈ కింది పరీక్షలు చేయండి. కంటికి బాగున్న చుక్కలు కెమెరాకి బాగుండాలని లేదు. తీర్పు ఎప్పుడూ ఫొటోలో పిక్సెళ్ళ మీదే ఇవ్వాలి.

ముందు పిక్సెల్ లెక్క, తర్వాతే పెయింటు డబ్బా

చుక్క ఎంత ఉండాలన్నది మిల్లీమీటర్లలో మొదలుపెట్టకండి. ఫొటోలో ఒక్కో చుక్క 3 నుంచి 5 పిక్సెళ్ళు ఉండాలి. అంతకంటే చిన్నదైతే కెమెరా దాన్ని సరిగ్గా గీయలేదు, పెద్దదైతే గడిలో చాలినన్ని చుక్కలు పట్టవు. కెమెరాలో కనపడే వెడల్పుని అడ్డంగా ఉన్న పిక్సెళ్ళతో భాగిస్తే ఒక పిక్సెల్ ఎంతో వస్తుంది.

2448 పిక్సెళ్ళ వెడల్పున్న 5 మెగాపిక్సెళ్ళ కెమెరా అనుకోండి. దూలం మీద 200 మి.మీ. చూస్తుంటే ఒక పిక్సెల్ 0.082 మి.మీ., కాబట్టి చుక్క 0.25 నుంచి 0.4 మి.మీ. అదే కెమెరాతో 500 మి.మీ. చూస్తుంటే చుక్క 0.6 నుంచి 1 మి.మీ., ఇంచుమించు గసగసాల గింజంత. 60 మి.మీ. మాత్రమే కనపడే పీచు పట్టీకైతే 0.07 నుంచి 0.12 మి.మీ.; అది చుక్క కాదు, స్ప్రే తుంపర. ఒకే డబ్బా పట్టుకుని మూడింటికీ ఒకేలా కొట్టేవాళ్ళకి మూడింట్లో రెండు తప్పకుండా చెడతాయి.

కలర్ కెమెరాలో ఒక్కో పిక్సెల్ మీద ఒక్కో రంగు ఫిల్టర్ ఉంటుంది కాబట్టి నిజమైన స్పష్టత తగ్గుతుంది. నలుపు తెలుపు కెమెరా దొరక్కపోతే పచ్చ ఛానెల్ ఒక్కటే తీసి వాడండి, చుక్క కొంచెం పెద్దది వేయండి. ఫోన్‌తోనే చేయాల్సి వస్తే ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ చేసి, హెచ్‌డిఆర్ తీసేసి, రా ఫైళ్ళు దాచుకోండి. ఫోన్ తనంతట తాను చేసే షార్పెనింగ్ చుక్కల అంచుల్ని కల్పించి పెడుతుంది.

పూయడం

కింద తెలుపు, పైన నలుపు, రెండూ మ్యాట్, అంటే మెరవనివి. మెరిసే గ్లాసీ పెయింటు వద్దు, దీపం మెరుపు దాని మీద తెల్ల మచ్చ అవుతుంది. తెలుపు పల్చగా రెండు మూడు పూతలు వేయండి, పూతకీ పూతకీ మధ్య పది నిమిషాలు ఆగండి. మందంగా పూస్తే కొలిచేది పెయింటు సాగుదలే, కింద ఉన్న సరుకుది కాదు. సిమెంటు దూలానికి సున్నం కొట్టే ఆలోచన మానుకోండి. ఆరాక పొడి రాలుతుంది, రాలిన చోట నమూనా మారిపోయినట్టే.

నల్ల స్ప్రే డబ్బాని ముప్పావు మీటరు దూరంలో పట్టుకుని, నాజిల్ సగమే నొక్కి, తుంపర తనంతట తాను పడేలా గాల్లోకి కొట్టండి. నొక్కిన మొదటి క్షణంలో పెద్ద బొట్లు ఊడిపడతాయి కాబట్టి మొదలెట్టడం, ఆపడం రెండూ దిమ్మెకి బయటే. అర మిల్లీమీటరు దాటిన చుక్కలకి పాత టూత్‌బ్రష్‌ని పెయింటులో ముంచి వేలితో చిమ్మడం బాగా కుదురుతుంది. అంతకంటే పెద్దవాటికి మార్కర్ పెన్ను; కానీ చేతితో పెట్టే చుక్క తెలియకుండానే వరసలోకి వెళ్ళిపోతుంది, చెయ్యి అలవాటు అలాంటిది.

డెల్టాలో మరో చిక్కు తేమ. వానాకాలం ఉదయం గాలి చెమ్మగా ఉన్నప్పుడు స్ప్రే కొడితే పూత మీద తెల్లటి పొగలాంటి పొర తేలుతుంది. నలుపు బూడిదరంగులోకి దిగి కాంట్రాస్టు పోతుంది. ఎండెక్కాక, గాలి పొడిగా ఉన్న వేళ కొట్టండి. పూసిన రోజే, కుదరకపోతే మర్నాటికల్లా పరీక్ష ముగించండి. బాగా సాగే వస్తువుల మీద రోజులు గడిచిన పెయింటు పెళుసెక్కి పెచ్చులూడుతుంది.

పరీక్ష ఫొటోలు

నిజం పరీక్షకి వాడే కెమెరా, లెన్సు, దూరం, దీపాలు, ఎక్స్‌పోజర్ అన్నీ అవే ఉండాలి. అపర్చరు, అంటే లెన్సులో వెలుగు దూరే రంధ్రం, ఎఫ్ 5.6 నుంచి 8 మధ్య సరిపోతుంది. అంతకు మించి మూస్తే చుక్కల అంచులు మెత్తబడతాయి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చవక ఎల్‌ఈడీ దీపం సెకనుకి 100 సార్లు మినుకుతుంది. ఎక్స్‌పోజర్ 10, 20, 30 మిల్లీసెకన్లలో ఏదో ఒకటి పెడితే ఆ మినుకు ఫొటోకీ ఫొటోకీ తేడా తేదు. ఏసీ గదిలోంచి తెచ్చిన లెన్సు ఇక్కడి గాలికి చెమర్చుతుంది; అరగంట బయట పెట్టాకే మొదలెట్టండి. ఫ్యాన్లు ఆపండి. లోడు లేకుండా, ఏదీ కదపకుండా వరసగా పది ఫొటోలు తీయండి. ఇక మీదట పనంతా వీటి మీదే.

బూడిద మెట్ల చిత్రం

ఉచితంగా దొరికే ఫొటో కొలతల సాఫ్ట్‌వేర్ ఇమేజ్‌జెలో మొదటి ఫొటో తెరిచి, 8 బిట్‌కి మార్చి, కొలిచే భాగాన్ని మాత్రమే ఎంచుకుని హిస్టోగ్రామ్ (ఏ బూడిద మెట్టులో ఎన్ని పిక్సెళ్ళున్నాయో చూపే గ్రాఫ్) చూడండి. 0 అంటే పూర్తి నలుపు, 255 అంటే పూర్తి తెలుపు. గ్రాఫ్ కుడి చివర 255 దగ్గర గోడలా నిలబడితే వెలుగు ఎక్కువైంది, అక్కడ సమాచారం చచ్చిపోయింది. ఎడమ చివర 0 దగ్గర గోడ కట్టినా అంతే. 20కీ 235కీ మధ్య అంతా ఇమిడేలా ఎక్స్‌పోజర్ సర్దండి. నలుపు గుట్టకీ తెలుపు గుట్టకీ మధ్య కనీసం 50 మెట్ల తేడా లేకపోతే ముందుకెళ్ళకండి. 100 దాటితే హాయిగా ఉంటుంది.

మొత్తం బాగుండి మూల ఒకటి చీకటిగా ఉండటం మామూలే. అందుకని నాలుగు మూలల్లో, నడుమ విడివిడిగా హిస్టోగ్రామ్ తీయండి. సగటుని చూసి తృప్తిపడితే ఆ మూలలోనే పగులు వస్తుంది.

నలుపు ఎంత భాగం ఆక్రమించిందో కూడా ఇక్కడే చూడొచ్చు. థ్రెషోల్డ్ పెట్టి, మెజర్‌లో ఏరియా ఫ్రాక్షన్ చదవండి. సగానికి సగం ఉంటే మేలు. 40 నుంచి 60 శాతం మధ్య అయితే చాలు, ఇక దాన్ని కదపకండి. 20 శాతమే ఉంటే గడుల్లో ఖాళీ తెలుపు మిగులుతుంది. 75 దాటితే అది నల్ల నేల మీద తెల్ల చుక్కలైనట్టు, మళ్ళీ లెక్క వేసుకోవాలి.

చుక్క సైజు, వరస దోషం రెండూ ఒకే దెబ్బకి

చుక్కల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టొచ్చు గానీ కలిసిపోయిన చుక్కల దగ్గర ఆ లెక్క తప్పుతుంది. ఆటోకోరిలేషన్, అంటే ఫొటోని దాని మీదే జరుపుతూ ఎంత కలుస్తుందో చూడటం, మేలు. 512 × 512 పిక్సెళ్ళ ముక్క కత్తిరించి, 32 బిట్‌కి మార్చి, సగటు విలువని దాన్లోంచి తీసేయండి (8 బిట్‌లోనే తీసేస్తే సున్నా కంటే తక్కువ విలువలు నరికివేతకు గురవుతాయి). ఎఫ్‌ఎఫ్‌టి మెనూలో ఎఫ్‌డి మ్యాథ్ తెరిచి, రెండు చోట్లా అదే ముక్క ఇచ్చి కోరిలేట్ చేయండి. నడుమ ఓ శిఖరం కనపడుతుంది. దాని మీదుగా గీత గీసి ప్లాట్ ప్రొఫైల్ తీసి, శిఖరం సగం ఎత్తు దగ్గర వెడల్పు కొలవండి. గుండ్రటి చుక్కలకి ఈ వెడల్పు చుక్క వ్యాసంలో దాదాపు 80 శాతం వస్తుంది. అంటే 4 పిక్సెళ్ళు వచ్చిందంటే చుక్క సుమారు 5 పిక్సెళ్ళు.

అడ్డంగా, నిలువుగా రెండు గీతలూ గీయండి. ఒకటి 4, ఇంకొకటి 7 వస్తే పెయింటు పక్కనించి వాలుగా పడి చుక్కలు సాగాయని అర్థం. ఒక దిశలో కొలత బాగుండి రెండో దిశలో అధ్వాన్నంగా ఉంటుంది. నడుమ శిఖరానికి దూరంగా మరో శిఖరం లేస్తే అదే చుక్కల ముగ్గు దోషం. ఒకే స్టెన్సిల్‌ని పక్కపక్కన పెట్టి కొట్టినా, ప్రింటు తీసిన ఒకే నమూనాని పలకలుగా అతికించినా ఇది బయటపడుతుంది.

గడి సైజు ఇప్పుడు తేలుతుంది. ఒక్కో దిశలో కనీసం మూడు చుక్కలు, వాటి మధ్య ఖాళీలతో సహా గడిలో పట్టాలి. 5 పిక్సెళ్ళ చుక్క, 5 పిక్సెళ్ళ ఖాళీ అయితే మూడింటికి 30. గడికి మధ్య పిక్సెల్ ఉండేలా బేసి సంఖ్య, 31. ఇక ఫొటోని పెద్దది చేసి 31 × 31 చదరాన్ని చేత్తో జరుపుతూ అన్ని మూలలూ తిప్పండి. ఎక్కడైనా చదరం మొత్తం తెలుపే కనపడిందా, అక్కడ సాఫ్ట్‌వేర్ గుడ్డిది.

అసలు ప్రశ్న: ఎంత చిన్న జరుగుబాటు పట్టగలం?

ఇక్కడ కాస్త నిదానంగా వెళ్ళండి. పై పరీక్షలు ‘బాగుంది, బాగోలేదు’ అని చెబుతాయి. ఇది అంకె చెబుతుంది.

రెండు విషయాలు కావాలి. మొదటిది కెమెరా గోల, అంటే నాయిస్. పది ఫొటోల్లో పక్కపక్క రెండింటిని ఇమేజ్ క్యాల్‌క్యులేటర్‌లో 32 బిట్ ఫలితం టిక్ పెట్టి ఒకదాన్లోంచి ఒకటి తీసేయండి. వచ్చిన చిత్రం స్టాండర్డ్ డీవియేషన్‌ని 1.414తో భాగిస్తే నాయిస్. సగటు సున్నాకి దగ్గరగా ఉండాలి. మూడు నాలుగు మెట్లు ఉంటే దీపం మినుకుతోంది, వెనక్కెళ్ళి ఎక్స్‌పోజర్ చూసుకోండి.

రెండోది అంచుల పదును. ఫొటోని 32 బిట్‌కి మార్చి ఫైండ్ ఎడ్జెస్ నొక్కి, సగటు తీసి 8తో భాగించండి. ఆ సోబెల్ ఫిల్టర్ అసలు మార్పుకి ఎనిమిది రెట్లు చూపిస్తుంది, అందుకే 8. ఇది పిక్సెల్‌కి ఎన్ని బూడిద మెట్లు మారుతున్నాయో చెప్పే సగటు గ్రేడియంట్. ఒక్క దిశకి కావాలంటే 0.7తో గుణించండి.

ఇప్పుడు ఒకే వాక్యంలో సూత్రం: 1.414ని నాయిస్‌తో గుణించి, గడి వెడల్పుని ఒక దిశ గ్రేడియంట్‌తో గుణించగా వచ్చినదానితో భాగిస్తే, పిక్సెళ్ళలో జరుగుబాటు అనిశ్చితి.

ఉదాహరణకి నాయిస్ 2 మెట్లు, ఫైండ్ ఎడ్జెస్ సగటు 168 అనుకుందాం. 168ని 8తో భాగిస్తే 21, ఒక దిశకి సుమారు 15. గడి 31. పైన 2.83, కింద 465. జవాబు 0.006 పిక్సెల్. పిక్సెల్ 0.082 మి.మీ. అయితే అర మైక్రాన్! సంబరపడకండి, స్ట్రెయిన్‌లోకి (పొడవుతో పోలిస్తే సాగుదల; పది లక్షల్లో ఒక వంతు సాగితే ఒక మైక్రోస్ట్రెయిన్) మార్చి చూడండి. 100 పిక్సెళ్ళ దూరంలో రెండు బిందువుల మధ్య స్ట్రెయిన్ తీస్తే, రెండింటి గోలా కలిసి 1.414 రెట్లవుతుంది కాబట్టి, అనిశ్చితి సుమారు 85 మైక్రోస్ట్రెయిన్. కాంక్రీటు లాగుడులో పగిలేదే 100 నుంచి 150 మైక్రోస్ట్రెయిన్ దగ్గర. అంటే పగులు ముందరి సాగుదల ఈ ఏర్పాటులో గోలలో మునిగిపోతుంది. రెండు బిందువుల్ని 600 పిక్సెళ్ళ దూరం జరిపితే 14 మైక్రోస్ట్రెయిన్‌కి దిగుతుంది. ఒక్కో లోడు దగ్గర పది ఫొటోలు తీసి సగటు చేస్తే ఇంకో మూడో వంతుకి. పగులు తెరుచుకోవడం మాత్రం హాయిగా కనపడుతుంది: 0.02 మి.మీ. పగులంటే 0.24 పిక్సెల్, రెండు బిందువుల గోల కలిపినా దానికి దాదాపు 30 రెట్లు. కాబట్టి చుక్కలు ‘బాగున్నాయా’ అన్న ప్రశ్నకి ‘దేనికి?’ అన్న ఎదురు ప్రశ్నే సరైన జవాబు.

గడి పెంచితే అంకె ఇంకా బాగుంటుంది కదా అని 101 పెట్టకండి. పగులు అంచుని అటూ ఇటూ చెరిపేసి నున్నగా చూపిస్తుంది. పదును పెంచడం మేలు, అంటే కాంట్రాస్టు, ఫోకస్, చుక్క సైజు.

కదలని ఫొటోలు, కదిపిన ఫొటోలు

పది ఫొటోల్నీ డిఐసిలో నడపండి. ఏదీ కదల్లేదు కాబట్టి జరుగుబాటు సున్నా రావాలి. వచ్చిన చిందరవందర పైన లెక్కకట్టిన అంకెకి దగ్గరగా ఉంటే చుక్కలు, కెమెరా రెండూ నమ్మదగినవి. దానికి రెండు మూడు రెట్లుంటే తప్పు చుక్కల్లో లేదు: పక్కన జనరేటరు అదురు, దీపం వేడికి లేచే గాలి, ఊగే స్టాండు. మొత్తం ఫొటో ఒకేలా ఊగితే అదురు, ముక్కలు ముక్కలుగా అలలా కదిలితే వేడిగాలి. చేలల మధ్య ఉన్న ల్యాబుల్లో రాత్రిపూట తెల్ల దీపానికి దీపపు పురుగులు ముసురుతాయి, ఒకటి వాలినా ఆ గడి పోయినట్టే.

తర్వాత దిమ్మెని స్క్రూ స్టేజీ మీద ఓ మిల్లీమీటరు పక్కకి, పిక్సెల్‌లో చిన్న చిన్న భాగాలుగా జరుపుతూ ఫొటోలు తీయండి. ప్రతిచోటా ఒకే జరుగుబాటు, స్ట్రెయిన్ సున్నా రావాలి. జరుగుబాటు తప్పిదం ప్రతి పిక్సెల్‌కీ ఒకసారి అలలా లేచి పడుతుంటే చుక్కలు మరీ చిన్నవి. పెయింటు చెరిపి పెద్ద చుక్క వేయాల్సిందే, సెట్టింగులతో అది పోదు. ఒక్క కెమెరాతో చేసేటప్పుడు మరో సంగతి: దిమ్మె కెమెరా వైపు జరిగితే అబద్ధపు స్ట్రెయిన్ వస్తుంది. మీటరు దూరంలో 1 మి.మీ. ముందుకొస్తే 1000 మైక్రోస్ట్రెయిన్. ఇది చుక్కల నింద కాదు, కానీ నింద పడేది వాటి మీదే.

బంకమట్టికి వేరే దారి

మన నల్లమట్టి మీద పెయింటు వద్దు. ఆరేటప్పుడు మట్టి ముడుచుకుంటుంది, పెయింటు పొర ముడుచుకోదు, రెండూ విడిపోతాయి. తడి మట్టి మీద జల్లెడ పట్టిన తెల్ల పాలరాతి గుండ చల్లండి. 500 మి.మీ. వెడల్పు చూస్తుంటే 1.18 మి.మీ. జల్లెడ దాటి 600 మైక్రాన్ల మీద నిలిచినది తీసుకుంటే సైజు సరిపోతుంది. ముగ్గు పిండి మరీ మెత్తన, తేమ పీల్చి మసకబారుతుంది. బియ్యప్పిండి అయితే చెప్పనే అక్కర్లేదు, గంటలో చీమలు వచ్చి మీ నమూనాని మోసుకుపోతాయి.

తడి మట్టి మెరుపుని చంపడానికి దీపాల మీద, లెన్సు మీద పోలరైజర్లు ఒకదానికొకటి అడ్డంగా తిప్పి పెట్టండి. మట్టి ఆరేకొద్దీ రంగు తేలిపోతుంది కాబట్టి సాఫ్ట్‌వేర్‌లో జీరో నార్మలైజ్డ్ కోరిలేషన్ ఎంచుకోండి. అది వెలుగు, కాంట్రాస్టు సమంగా మారినా తట్టుకుంటుంది. మచ్చలు మచ్చలుగా ఆరితే అదీ తట్టుకోదు, అప్పుడు రిఫరెన్స్ ఫొటోని, అంటే మిగతావాటిని పోల్చి చూసే మొదటి ఫొటోని, మధ్యలో కొత్తదానితో మార్చుకుంటూ వెళ్ళాలి. హిస్టోగ్రామ్ పరీక్షని తడిగా ఉన్నప్పుడొకసారి, ఆరాక ఒకసారి విడి ముక్క మీద చేసి చూసుకోండి.

గాజు పెట్టెలో ఇసుక నమూనాలకి గోదావరి ఇసుకలో ఉన్న రంగురంగుల రేణువులే చాలాసార్లు సరిపోతాయి, రేణువు ఫొటోలో 3 పిక్సెళ్ళు దాటితే. చాలకపోతే సగం ఇసుకకి నల్లరంగు పట్టించి, పూర్తిగా ఆరబెట్టి, మిగతా సగంలో కలపండి. ఆరకుండా కలిపితే రేణువులు అంటుకుని ఇసుక గుణమే మారుతుంది.

చెడితే ఏం చేయాలి

ఖాళీలు అక్కడక్కడా ఉంటే మళ్ళీ కొంచెం తుంపర కొట్టండి లేదా సన్న మార్కర్‌తో నాలుగు చుక్కలు పెట్టండి. పెద్ద బొట్టు పడితే దాని మీద తెల్ల పెయింటు కుంచె మొనతో రెండు మూడు చుక్కలు వేస్తే ఆ బొట్టు పలు ముక్కలవుతుంది. చుక్క సైజే తప్పయితే అతుకులు వేయకండి. గరుకు కాగితంతో రుద్ది మొదటి తెల్ల పూత నుంచి మొదలెట్టండి, అదే త్వరగా అవుతుంది. ఏది సరిదిద్దినా మళ్ళీ పది కదలని ఫొటోలు తీయండి. లోడు పెట్టడం మర్నాటికి వాయిదా పడ్డా అంతే, ఆ పొద్దున్న పది ఫొటోలు కొత్తగా తీశాకే మీట నొక్కండి.